మడత ట్రెకింగ్ పోల్స్: ప్రయాణానికి ఏ రకం తీసుకోవాలి?

నడకదారి

రెండు వారాల ప్రయాణంలో నడక ఐదు రోజులే. మిగతాదంతా విమానం, రైలు, బస్సు. 55 సెం.మీ. పొడవున్న బ్యాక్‌ప్యాక్‌లో పోల్స్ (కొండదారుల్లో ఆన్చుకుని నడిచే ఊతకర్రలు) లోపలే పట్టాలి, బయట వేలాడకూడదు. ఎత్తు 168 సెం.మీ. దారిలో రాతిమెట్లు, నిటారు దిగుడులు ఎక్కువ. ఒకటి రెండు చోట్ల వాగు దాటాలి. మూడు ముక్కలుగా మడిచే రకం తీసుకోవాలని అనుకుంటున్నాను. కార్బనా, అల్యూమినియమా? ఒకే పొడవుదా, పొడవు మార్చుకునేదా? మడత జాయింట్ల మీద ఎంతవరకు బరువు వేయవచ్చు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

తేలికసంచి

ముందు సంచి లెక్క చూద్దాం. ఒకదాంట్లోకి ఒకటి జారే టెలిస్కోపిక్ పోల్ మూడు ముక్కలదైతే, ముడిచాక మామూలుగా 58 నుంచి 68 సెం.మీ. ఉంటుంది. మడత పోల్ 33 నుంచి 43. మీ సంచి బయటి కొలత 55×40 అనుకుంటే లోపల దక్కేది దాదాపు 50×35. ఐమూలగా పెట్టినా 61 సెం.మీ.కి మించి పట్టదు. పైగా బ్యాక్‌ప్యాక్ మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి అంత కూడా రాదు. అంటే మీకు మడత రకమే సరి. మడిచాక 35 లోపు ఉంటే సంచిలో అడ్డంగా అడుగున పడుకుంటుంది, 40 దాటితే నిలువుగా పెట్టుకోవాలి. ఈ తేడా చూసుకుని కొనండి.

జతను ఒకదాని పిడి పైకి, రెండోదాని పిడి కిందికి వచ్చేలా తిప్పి కట్టండి. రెండు పిడులూ ఒకే వైపుంటే ఆ చివర లావుగా ఉబ్బి సంచి జిప్పును నొక్కుతుంది.

ఇంకో మాట. క్యాబిన్ సంచిలో పట్టినంత మాత్రాన క్యాబిన్‌లోకి రానిస్తారని కాదు. మొన కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థంతో చేసింది. చాలా దేశాల్లో హైకింగ్ పోల్స్ చేతి సామానులో ఒప్పుకోరు. బ్రిటన్ ప్రభుత్వ జాబితాలోనైతే నడక పోల్స్ చేతి సామానులో వద్దనీ, చెక్-ఇన్ సామానులో పెట్టుకోవచ్చనీ స్పష్టంగా ఉంటుంది. నడవలేనివారి చేతికర్రకు ఇచ్చే వెసులుబాటు దీనికి వర్తిస్తుందని అనుకోకండి. ఆ రోజు సంచిని చెక్-ఇన్ చేసేలా ముందే ఏర్పాటు చేసుకోండి.

గుట్టెక్కుదాం

పొడవు సంగతి. చదునైన చోట బూట్లతో నిలబడి, మొన పాదం పక్కన నేలకు ఆన్చి పిడి పట్టుకుంటే మోచేయి 90 డిగ్రీల్లో వంగాలి. కొలిచే వీలు లేకపోతే ఎత్తును 0.68తో గుణించండి. 168కి 114 వస్తుంది. ఒకే పొడవు పోల్స్ సాధారణంగా 10 సెం.మీ. తేడాతో వస్తాయి కాబట్టి మీకు 110, 120 మధ్య ఇరుకు. ఇలా మధ్యలో పడ్డవాళ్లు పొడవు మార్చుకునే రకానికి వెళ్లడం మేలు. 105 నుంచి 125 దాకా సర్దుకునేది చూడండి. బ్లాక్ డైమండ్‌లో ఎఫ్‌ఎల్‌జెడ్, లెకీలో మైక్రో వేరియో ఈ తరహావే (బ్లాక్ డైమండ్, లెకీ కంపెనీల పేర్లు): కింది ముక్కలు మడతపడతాయి, పై ముక్క ఒక్కటి మీటతో బిగించే లివర్ లాక్‌తో జారుతుంది.

నిటారు ఎక్కుడులో 5 నుంచి 10 సెం.మీ. తగ్గించాలి, దిగుడులో అంతే పెంచాలి. ఒకే పొడవు పోల్‌తో ఆ వీలుండదు.

తేలికసంచి

గుట్టెక్కుదాం గారూ, ఆ వీలు బొత్తిగా లేకపోలేదు. పిడి కింద మరో 10, 15 సెం.మీ. ఫోమ్ తొడుగు ఉన్న మోడల్ తీసుకుంటే, ఎక్కేటప్పుడు చేయి కిందికి జార్చి ఆ తొడుగు దగ్గర పట్టుకుంటే చాలు. దిగేటప్పుడు పిడి తలను అరచేత్తో పైనుంచి కప్పి పట్టుకుంటే దాదాపు 5 సెం.మీ. కలిసొస్తుంది. నిమిషానికోసారి ఎక్కుడు దిగుడు మారే దారిలో లివర్ తీసి బిగించడం కన్నా ఇదే త్వరగా అవుతుంది. లివర్ లాక్, దాని లోపలి గొట్టం కలిసి బరువునూ పెంచుతాయి, మడిచిన పొడవునూ పెంచుతాయి.

బరువు లెక్క స్థూలంగా ఇది. ఒకే పొడవు కార్బన్ మడత జత 280 గ్రాముల దగ్గర మొదలవుతుంది. అల్యూమినియంలో పొడవు మార్చుకునే జత 450 నుంచి 550 గ్రాములు. రోజంతా వేలసార్లు చేయి ఊపేది ఆ బరువునే.

గుట్టెక్కుదాం

ఎక్కుడు విషయంలో ఒప్పుకుంటాను. దిగుడు విషయంలో ఒప్పుకోను. పిడి తలమీద అరచేయి ఆన్చినప్పుడు స్ట్రాప్ (పిడికి ఉండే మణికట్టు పట్టీ) ఊతం పోతుంది, బరువంతా మణికట్టు మీద పడుతుంది. ఒకటి రెండు మెట్లకు పరవాలేదు, గంటల తరబడి దిగేటప్పుడు పనికిరాదు. పోల్స్‌తో అసలు మేలు దిగుడులోనే. 1999లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, 25 డిగ్రీల వాలు దిగేటప్పుడు రెండు పోల్స్ వాడితే మోకాలి మీద భారం 12 నుంచి 25 శాతం తగ్గినట్టు కొలిచారు. అడుగు వేసే ముందే పోల్స్ కింది మెట్టు మీద ఆనాలి. పోల్ పొట్టిగా ఉంటే నడుము వంగి బరువు ముందుకు పడుతుంది, జారేది అక్కడే. నడకదారి గారు తన దారిలో నిటారు దిగుడులు ఎక్కువని రాశారు కదా.

రాతిమెట్లు

కార్బన్, అల్యూమినియం గురించి ఒక్క విషయం తేల్చుకుంటే చాలు: పోల్ మీద బరువు నిలువుగా పడుతుందా, పక్కనుంచి పడుతుందా? నిలువు బరువుకు రెండూ గట్టివే. మొన రెండు రాళ్ల సందులో ఇరుక్కుని, మనిషి ముందుకు నడిచిపోయినప్పుడు పోల్ మీటలా వంగుతుంది. అల్యూమినియం అయితే వంగి ఊరుకుంటుంది. కార్బన్ ఒక హద్దు దాకా ఏమీ కానట్టే ఉండి, ఒక్కసారిగా విరుగుతుంది. ఎక్కువగా బాస్కెట్‌కు (మొనకు కాస్త పైన ఉండే గుండ్రటి బిళ్ల) కాస్త పైన, లేదా జాయింట్ అంచున.

కార్బన్‌కు ఇంకో బలహీనత గీతలు. రాతి అంచు గీసుకుని పైపూత కింద పోగు తెగితే, తర్వాత విరిగేది సరిగ్గా అక్కడే. వాడకం తర్వాత గొట్టం మీద వేలి గోరు జార్చి చూడండి. గోరుకు తగిలే గీత ఉంటే, పీచు లేచినట్టు కనిపిస్తే ఆ ముక్క మార్చాల్సిందే. రంగు మాత్రమే పోయి నున్నగా ఉంటే భయం లేదు.

మీ దారి రాతిమెట్లు కాబట్టి అల్యూమినియం తీసుకోండి. 7075 మిశ్రమం అని రాసి ఉన్నది మేలు. మట్టిబాటలు, గడ్డిమైదానాలు, పరుగు నడకలు అయితే కార్బన్ అని చెప్పేవాణ్ణి.

మరమ్మతుపెట్టె

రాతిమెట్లు గారి మాట నిజమే, కానీ అది టెలిస్కోపిక్ పోల్‌కు నూరు పాళ్లు, మడత పోల్‌కు సగమే. మడత పోల్‌లో అల్యూమినియం జాయింట్ దగ్గర కొంచెం వంగినా, ఒక ముక్క కొస అది కూర్చునే పక్క ముక్క కప్పులోంచి బయటికి రాదు, వస్తే మళ్లీ లోపలికి పోదు. విరగలేదు కానీ మడవలేరు. మడత రకంలో గొట్టం దేనితో చేశారన్నదాని కన్నా జాయింట్ ఎలా ఉందన్నదే ముందు చూడాలి. అది అర్థం కావాలంటే లోపల ఏముందో తెలియాలి.

మూడు ముక్కల గుండా ఒక తాడు పోతుంది. కొన్నింటిలో అది ప్లాస్టిక్ తొడుగున్న స్టీల్ వైరు, కొన్నింటిలో కెవ్లార్ లాంటి అరామిడ్ (చాలా గట్టి కృత్రిమ పోగు) తాడు. పై ముక్కలో ఒక లోగొట్టం ఉంటుంది. పిడి ఒక చేత్తో, కింది ముక్క ఇంకో చేత్తో పట్టుకుని దూరంగా లాగితే లోగొట్టం బయటికి జారి, తాడు బిగుసుకుని, జాయింట్లు కూర్చుంటాయి. చివర్లో స్ప్రింగ్ బటన్ టప్పుమని బయటికొస్తుంది. ఇక మీరు పోల్ మీద ఆన్చే బరువంతా పై గొట్టం నుంచి లోగొట్టానికి వెళ్లేది ఆ చిన్న బటన్ మీదుగానే. బటన్ సగమే బయటికొచ్చి ఆగితే, బరువు వేసిన క్షణాన లోపలికి జారిపోతుంది. ప్రతిసారీ బటన్‌ను కంటితో చూసి, బొటనవేలితో తడిమి, పోల్‌ను ఒకసారి నేలకు గట్టిగా ఆన్చాకే నడవండి. వాగు ముందు, దిగుడు ముందు మళ్లీ చూడండి.

బటన్ ఎందుకు పూర్తిగా రాదు? మొదటి కారణం ఇసుక. రంధ్రం అంచున చేరి స్ప్రింగ్‌ను తొక్కిపెడుతుంది. నీళ్లతో కడిగి, బటన్‌ను పదిసార్లు నొక్కి వదిలితే పోతుంది. నూనె పోయకండి, జిడ్డుకు ఇంకా దుమ్ము పడుతుంది. రెండో కారణం తాడు మరీ బిగువుగా ఉండటం. మూడోది, కింది జాయింట్ ఒకటి సరిగ్గా కూర్చోకుండా వంకరగా అంచు మీద నిలబడిపోవడం. లాగే ముందు ముక్కలను చేత్తో ఒకే వరసలోకి తెచ్చి, కొసలు కప్పుల్లోకి వెళ్లాయని చూసి, అప్పుడు లాగాలి. గాల్లో విసిరి ఒక్క ఊపున తెరిస్తే కొసలు అంచులకు కొట్టుకుని పగుళ్లు వస్తాయి.

తాడు కాలం గడిచేకొద్దీ సాగుతుంది. పోల్ బిగించాక జాయింట్ల దగ్గర సందు కనిపించినా, ఊపితే కటకటలాడినా అది వదులైనట్టే. అలా నడిస్తే కొస కప్పు లోపల కదులుతూ రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. ఆ తర్వాత తాడు బిగించినా లాభం ఉండదు. కొన్ని మోడళ్లలో బిగువు సరిచేసే నట్ గానీ స్క్రూ గానీ ఉంటుంది. ఉండే చోటు మోడల్‌ను బట్టి మారుతుంది. అర చుట్టు తిప్పి, పోల్ తెరిచి చూసి, అవసరమైతే ఇంకో అర చుట్టు. సందు పోవాలి, బటన్ బొటనవేలి బలంతో నొక్కుడుపడాలి. ఈ సర్దుబాటు లేని మోడల్ కొనొద్దనే నా సలహా.

తాడు తెగేది మడత పడే చోటే. అక్కడ ప్లాస్టిక్ తొడుగు చిట్లి, స్టీల్ పోగులు ఒక్కొక్కటే పైకి లేస్తాయి. మడిచినప్పుడు ఆ రెండు చోట్లా చూడండి. పోగు కనిపిస్తే ప్రయాణానికి ముందే తాడు మార్పించాలి, దారిలో అది కుదిరే పని కాదు. మడిచేటప్పుడు తాడును మెలితిప్పకుండా, గుండ్రంగా వంగనివ్వండి.

నడకదారి

మరమ్మతుపెట్టె గారూ, చాలా స్పష్టంగా ఉంది. దారిలో తాడు తెగితే ఆ రోజు దిగడం ఎలా? కొన్న కొత్తలో ఏం పరీక్షించాలి?

మరమ్మతుపెట్టె

తాడు తెగితే ముక్కలు విడివిడిగా వచ్చేస్తాయి కానీ కొసలు, కప్పులు బాగానే ఉంటాయి. ఒక్కో జాయింట్‌ను చేత్తో కూర్చోబెట్టి, దాని మీదుగా రెండు వైపులా 5 సెం.మీ. దాకా గట్టి టేపు మూడు నాలుగు చుట్లు చుట్టండి. నేలకు నొక్కినంతసేపు పోల్ పనిచేస్తుంది, పైకి ఎత్తినప్పుడు ముక్కలు ఊడకుండా టేపు ఆపుతుంది. లోగొట్టం, బటన్ చోటును కూడా అలాగే చుట్టాలి. టేపును విడిగా మోయక్కర్లేదు. బయలుదేరే ముందే ఒక మీటరు టేపు పిడి కింద గొట్టానికి చుట్టి ఉంచుకోండి.

గొట్టమే విరిగితే టెంట్ పోల్ మరమ్మతుకు ఇచ్చే గొట్టం ముక్క, ఒక 12 లేదా 15 సెం.మీ.ది, విరిగిన చోటు మీదుగా తొడిగి రెండు కొసలా టేపు వేయాలి. కొనేటప్పుడే మీ పోల్ కింది ముక్క దాంట్లో దూరుతుందో లేదో సరిచూసుకోండి. కార్బన్ విరిగిన కొసను ఉత్త చేతులతో పట్టుకోకండి, పీచు ముళ్లు చర్మంలో దిగుతాయి.

కొత్త జతకు పరీక్షలు: ఇరవైసార్లు తెరిచి మడవండి, ప్రతిసారీ బటన్ అదే చప్పుడుతో రావాలి. బిగించిన పోల్‌ను రెండు చేతులతో పట్టి మెల్లగా మెలితిప్పండి, జాయింట్ దగ్గర వదులు కదలిక ఉండకూడదు. మొనకు రబ్బరు తొడుగు వేసి, నేల మీద నిలువుగా ఆన్చి, శరీర బరువును మెల్లగా దాని మీదికి తీసుకురండి. లివర్ లాక్ ఉన్న చోట గొట్టం ఒక్క మిల్లీమీటరు జారినా స్క్రూను పావు చుట్టు బిగించి మళ్లీ చూడండి. లివర్ మూయడానికి బొటనవేలు గట్టిగా నొక్కాల్సి వస్తే బిగువు సరిపోయినట్టు. రెండు చేతులు కావాల్సి వస్తే ఎక్కువైనట్టు, అలా ఉంచితే లివర్ ప్లాస్టిక్ చిట్లుతుంది. ఈ పని ఇంట్లోనే చేయండి, స్క్రూకు ఏ పనిముట్టు కావాలో అప్పుడే తెలుస్తుంది. కొన్నింటికి చిన్న అలెన్ కీ, కొన్నింటికి స్క్రూడ్రైవర్, కొన్ని చేత్తోనే తిరుగుతాయి.

మంచుబాట

చలి ప్రాంతమైతే ఒక జాగ్రత్త. జాయింట్లలో చేరిన తడి గడ్డకట్టి, సాయంత్రం పోల్ మడవడానికి రాదు. బటన్ కూడా లోపలికి పోదు. రాయికేసి కొట్టకండి. చేతి వెచ్చదనంతోనో, జాకెట్ లోపల పది నిమిషాలు ఉంచో కరిగించండి. రాత్రి పోల్స్‌ను మంచులో గుచ్చి వదిలేయకుండా, దులిపి టెంట్ లోపల పెట్టుకుంటే పొద్దున్నే ఇబ్బంది ఉండదు. బాగా లోతైన మంచులో రోజుల తరబడి నడిచేవాళ్లకు నేను మడత రకం చెప్పను, జాయింట్లు తక్కువున్న రెండు ముక్కల టెలిస్కోపిక్ మేలు.

బాస్కెట్ సంగతి కూడా: మట్టికి, రాతికి 4, 5 సెం.మీ. వెడల్పుది చాలు. మెత్తటి మంచుకు 9 సెం.మీ. లేదా అంతకు మించినది కావాలి. కొన్ని తేలిక మడత మోడళ్లలో బాస్కెట్ మార్చడానికే వీలుండదు.

వేగుచుక్క

పోల్స్‌నే నిలువు కర్రలుగా వాడే టెంట్‌కు మడత పోల్స్ పనికొస్తాయా?

తేలికసంచి

బలం సరిపోతుంది, అక్కడ బరువు నిలువుగానే పడుతుంది. చిక్కంతా పొడవుతోనే. అలాంటి చాలా టెంట్లు 115 నుంచి 140 మధ్య ఏదో ఒక కచ్చితమైన ఎత్తు అడుగుతాయి. ఒకే పొడవు 110 పోల్ చాలదు, కిందికి తొడిగే చిన్న గొట్టం విడిగా కొనాలి. టెంట్ కొలత తెలిసి పొడవు మార్చుకునే రకం తీసుకోండి. బటన్ పూర్తిగా బయటికొచ్చిందని ఇక్కడా చూసుకోవాలి, గాలికి పోల్ ముడుచుకుపోతే టెంట్ మొత్తం మీద పడుతుంది.

రాతిమెట్లు

వాగు గురించి ఎవరూ రాయలేదు. స్ట్రాప్‌లోకి చేయి కింది నుంచి పైకి పోనిచ్చి, స్ట్రాప్‌నూ పిడినీ కలిపి పట్టుకోవడం మామూలు పద్ధతి. అప్పుడు బరువు మణికట్టు చుట్టూ పరుచుకుంటుంది, వేళ్లు బిగించి పట్టక్కర్లేదు. కానీ వాగులోనూ, పోల్ సందుల్లో ఇరుక్కునే బండరాళ్ల మీదా స్ట్రాప్‌లోంచి చేయి తీసేయాలి. ఇరుక్కున్న పోల్ చేతిని పట్టి లాగితే మనిషి పడతాడు.

ప్రవాహానికి ఎదురు ముఖం పెట్టి, పోల్స్‌ను ఎగువ వైపు ఆన్చి, పక్కకు అడుగులు వేయండి. పోల్ గానీ కాలు గానీ ఏదో ఒక్కటే కదలాలి, మిగిలినవి నేలను పట్టి ఉండాలి. సంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ ముందే విప్పుకోండి. ఇరుక్కున్న మొనను పక్కకు ఊపి పీకకండి. వచ్చిన దారినే నిలువుగా లాగండి. మడత పోల్ జాయింట్లు పాడయ్యేది ఎక్కువగా ఈ ఊపుడుతోనే.

దాటాక పోల్స్‌ను తలకిందులు చేసి లోపలి నీళ్లు కార్చండి.

మరమ్మతుపెట్టె

ఆ నీళ్ల విషయం ముఖ్యం. తడిసిన పోల్స్‌ను మడిచి సంచి గుడ్డలో చుట్టి రెండు వారాలు వదిలేస్తే అల్యూమినియం జాయింట్లలో తెల్లటి పొడి పడుతుంది. అది తుప్పే. కొస కప్పులో బిగుసుకుపోతుంది. నడక అయిన రోజు సాయంత్రమే బటన్ నొక్కి, ముక్కలను విడదీసి, తాడు వదులుగా ఉన్న స్థితిలో రాత్రంతా గాలికి ఆరనివ్వండి. సముద్రపు ఒడ్డున వాడితే ముందు మంచినీళ్లతో కడగండి. తెల్లపొడి అప్పటికే పడి ఉంటే తడి గుడ్డతో తుడిచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. గరుకు కాగితం వాడితే కొస సన్నబడి జాయింట్ వదులవుతుంది.

గుట్టెక్కుదాం

పిడి సంగతి రెండు ముక్కల్లో. చెమట పట్టే చేతులకు కార్క్ గానీ ఫోమ్ గానీ. రబ్బరు పిడి చలికి బాగుంటుంది, ఎండలో చేతిని ఒరుస్తుంది. షాక్ తగ్గించే స్ప్రింగ్ ఉన్న రకం వద్దు. బరువు పెరుగుతుంది, బరువు వేసినప్పుడల్లా పోల్ కిందికి దిగినట్టు అనిపించి రాతి మీద ఊతం నమ్మకంగా ఉండదు.

నడకదారి

అందరికీ కృతజ్ఞతలు. అల్యూమినియం, 105 నుంచి 125 దాకా సర్దుకునేది, మడిచాక 40 సెం.మీ. లోపు, ఫోమ్ పిడి, తాడు బిగువు సరిచేసుకునే వీలున్నది. ఇదే తీసుకుంటున్నాను. రబ్బరు తొడుగులు దారంతా ఉంచాలా, తీసేయాలా?

రాతిమెట్లు

సిమెంటు, తారు రోడ్డు, ఊళ్లోని రాతిపలకల మీద ఉంచండి. మట్టి, తడి గడ్డి, బురద అయితే తీసేయండి. మొన దిగబడాలి, రబ్బరు జారుతుంది. పైగా బురద పీల్చుకుని తొడుగు ఊడి అక్కడే ఉండిపోతుంది. గరుకైన పొడి బండ మీద రబ్బరు బాగా పట్టుతుంది, అదే బండ తడిసి నాచు పట్టి ఉంటే రబ్బరూ జారుతుంది, కార్బైడూ జారుతుంది. అక్కడ మొనను పగుల్లోనో గుంటలోనో చూసి పెట్టాలి. సంచిలో మాత్రం తొడుగులు ఎప్పుడూ ఉండాలి, లేకపోతే మొన గుడ్డను చించుతుంది. ఒక తొడుగు అదనంగా పెట్టుకోండి.

మరమ్మతుపెట్టె

మీరు తీసుకునేదాంట్లో జారే ముక్క మీద అంకెల పక్కన ఆపమని ఒక గీత ఉంటుంది. దిగుడులో ఇంకో రెండు సెం.మీ. కావాలనిపించినా ఆ గీత దాటించకండి. దాటితే లోపల మిగిలే గొట్టం చాలక, లివర్ దగ్గరే వంగుతుంది. రెండు పోల్స్‌కూ మీకు సరిపడే మూడు పొడవుల దగ్గర, అంటే ఎక్కుడుకు 107, చదునుకు 114, దిగుడుకు 122 దగ్గర, చెరగని సిరాతో సన్నటి గీతలు పెట్టుకుంటే దారిలో కొలుచుకునే పని ఉండదు.